లక్క పోసిన కెమెరా

ముందే చెబుతున్నాను, దయ్యాల మాట ఎత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. మా పెద్దమ్మ కొడుకు ఒకసారి హిమాయత్‌సాగర్ కట్ట మీద తెల్లచీర ఆవిడ కనబడిందంటే, ఎన్నో గ్లాసు తర్వాత కనబడిందని నలుగురిలో అడిగాను. రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఇలాంటివి నమ్మేవాళ్లంటే నాకు జాలి కూడా కలగదు, చిరాకు తప్ప. ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది.

మాది తొండుపల్లి. ఎయిర్‌పోర్టు వచ్చాక అక్కడే ఏసీల మెయింటెనెన్సులో పని దొరికింది. శంషాబాద్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని నేను, నా భార్య అరుణ, మా పాప చిన్ని ఉండేవాళ్లం. నేను కోపిష్టినని ఊర్లోనూ పేరే, పని దగ్గరా పేరే. ఆ పేరు అబద్ధమని నేను అనను.

ఒక్క పని దగ్గర మాత్రం నాకు కోపం రాదు. పాత రీలు కెమెరాలు కొని బాగు చేయడం. ఆ రోజుల్లో స్టూడియోలన్నీ డిజిటల్‌కి మారిపోయి, ఒకప్పుడు పట్టుగుడ్డలో చుట్టి దాచుకున్న కెమెరాలు పాత ఇనుముతో పాటు కబాడీ దుకాణాలకు వచ్చేవి. చిన్న స్క్రూడ్రైవర్లు, స్పిరిటు, దూది, భూతద్దం పెట్టుకుని ఆదివారం పొద్దున కూర్చున్నానంటే నాకు లోకం పట్టేది కాదు. అరుణ కంచం పక్కన పెట్టి, "అన్నం తింటవా, గా కెమెరానే తింటవా?" అని వెక్కిరించేది.

2011 వానాకాలంలో శంషాబాద్ కబాడీ దుకాణంలో ఒక డబ్బా కెమెరా దొరికింది. పైన ఒకటి, కింద ఒకటి, రెండు లెన్సులు. దాన్ని ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచి, పైన ఉన్న అద్దంలో చూస్తూ ఫోటో తీయాలి. రీలుకు పన్నెండు ఫోటోలు. కొత్వాల్‌గూడలో వెంకటయ్య అనే ఫోటోగ్రాఫరు పోతే వాళ్ల ఇంట్లోంచి వచ్చిందని దుకాణం ఆయన చెప్పాడు.

దాని తోలు సంచి లోపల అస్తరు ఊడిపోయి ఉంది. దాని కింద ఒక ఫోటో దొరికింది. యాభై ఏళ్ల ఆవిడ, కొత్త చీర, పక్కన దానిమ్మ చెట్టు. తీసేవాణ్ణి ప్రాణాలతో వదలకూడదన్నట్టు చూస్తోంది. ఎవడో పాపం, ఇంటికెళ్లాక అన్నం దొరికిందో లేదో అని నవ్వుకుని, ఆ ఫోటోని డ్రాయర్లో పడేశాను.

కెమెరా షట్టరు కదల్లేదు. అది మామూలే, లోపలి నూనె ఎండిపోతే బిగుసుకుపోతుంది. ముందు పలక విప్పి చూస్తే నూనె కాదు, లక్క. గాజులకు వాడే ఎర్ర లక్క. షట్టరు రేకులన్నీ అందులో మునిగిపోయి ఉన్నాయి.

లక్క తనంతట తాను లోపలికి పోదు. స్క్రూల మీద ఒక్క గీత కూడా లేదు. అంటే పని తెలిసినవాడు నెమ్మదిగా విప్పి, కరిగించి పోసి, మళ్లీ అంతే శుభ్రంగా బిగించాడు. కాస్త బుద్ధి ఉన్నవాడెవడైనా ఎందుకు పోశాడని ఆలోచిస్తాడు. నేను ఎలా తీయాలని ఆలోచించాను. కెమెరాలు బాగుచేసే మా అందరికీ ఉన్న జబ్బే ఇది. ఆగిపోయింది కనబడితే నడిపించాల్సిందే. కావాలని ఎవరైనా ఆపుతారన్న మాట మా తలకెక్కదు.

నాలుగు ఆదివారాలు పట్టింది. స్పిరిటులో తడిపిన దూది, పుల్ల, మళ్లీ దూది. ఐదో ఆదివారం షట్టరు టిక్కుమంది. నా చేతిలో అంత బాగా కుదిరిన కెమెరా అంతకుముందు లేదు, చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను.

బాగు చేసిన ప్రతి కెమెరాతో ఒక రీలు తీసి చూడటం నా అలవాటు. ఎన్నో ఫోటో, ఎవరిది, వెలుతురు ఎంత, అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. ఆ రోజు పొద్దున పది గంటలకు, మేడ మీద, మంచి ఎండలో అరుణవి ఐదు తీశాను. చిన్నివి నాలుగు. పక్క ఇంట్లో ఉండే, నాతోపాటు పనిచేసే నర్సింలువి మూడు.

అరుణ నవ్వు ఆపుకోలేకపోయింది. తల వంచుకుని డబ్బాలోకి చూస్తుంటే, తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉన్నానట. ఆమె నవ్వుతుంటే చిన్ని నవ్వింది. వాళ్లు నవ్వడం నేను అద్దంలో చూస్తూనే నొక్కాను. ఈ మాట ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాను.

మరునాడు సెలవు. బాత్రూం కిటికీకి నల్లగుడ్డ కట్టి, రీలు కడిగి ఆరబెట్టి, ఎర్ర బల్బు కింద ప్రింటు వేశాను. నెగెటివ్‌లో మొహాలు నల్లగా ఉంటాయి, భావం తెలియదు. కాగితం మందు నీళ్లలో వేశాక ముందు అరుణ జుట్టు వచ్చింది, తర్వాత చీర అంచు, చివరికి మొహం.

నవ్వు లేదు. పళ్లు బిగబట్టి ఉంది. కళ్లు సూటిగా నా వైపే ఉన్నాయి. పెళ్లయిన ఆరేళ్లలో మేం కొట్లాడుకోని వారం లేదు కాబట్టి ఆమె కోపం నాకు బాగా తెలుసు. ఇది కోపం కాదు. నేను ఎప్పుడు పోతానా అని కాచుకుని ఉన్న మనిషి చూపు.

పన్నెండు ఫోటోలూ అంతే. నర్సింలు అంతే. పాలపళ్లు బయటపెట్టి నవ్విన నా నాలుగేళ్ల బిడ్డ కూడా అంతే.

నేను ఊరుకునే రకం కాదు. ఇంకో రీలు వేసి, అదే మేడ మీద, నేను నొక్కుతున్నప్పుడే పక్కన నిలబడి సెల్‌ఫోనుతో తీయమని నర్సింలుకు చెప్పాను. ఫోనులో అరుణ నవ్వుతోంది. రీలులో అదే చూపు. అదే రకం రీలు వేరే కెమెరాలో వేసి తీస్తే మామూలుగా వచ్చింది. ఈ కెమెరాతో గోడను తీస్తే గోడే వచ్చింది, బర్రెను తీస్తే బర్రె. లెన్సు పాడైతే బొమ్మ మసకబారుతుంది, వంకర పోతుంది. నవ్వే నోటిని బిగించదు.

ఫోటోలు బీరువా వెనక దాచాను. ఎట్లా వచ్చాయని అరుణ అడిగితే రీలు ఖరాబైందన్నాను.

అక్కడితో వదిలేస్తే బాగుండేది. నేను వదల్లేదు. మనిషి మనసులో ఉన్నది కెమెరా పట్టేసిందేమో అన్న పురుగు నాలో దూరింది. అరుణ అన్నం వడ్డిస్తుంటే ముందు ఆమె మొహం చూసేవాణ్ణి. ఆమె నవ్వితే ఎంత బాగా నటిస్తోందో అనుకునేవాణ్ణి. వారం తిరిగేసరికి డ్యూటీ ఎక్కువైందని చెప్పి బయటే తినడం మొదలుపెట్టాను. ఇంట్లో మంచినీళ్లు కూడా నేనే ముంచుకునేవాణ్ణి. సిగ్గుచేటే, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి.

అలా రెండు నెలలు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చిన్ని ఉరికొచ్చి నా కాళ్లు చుట్టేసింది. ఆ ఫోటో గుర్తొచ్చి విదిలించుకున్నాను. పాప గోడకు తగిలి పెదవి చిట్లింది. దవాఖానకు తీసుకుపోతే రెండు కుట్లు పడ్డాయి.

ఇంటికొచ్చాక అరుణ గొంతు పెంచకుండా మాట్లాడింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నన్ను ఏమన్న అను, పడ్త. పిల్ల ఏం జేసింది నీకు? ఏమైందో చెప్పవ్, నా చేతి బువ్వ తినవ్. ఈ ఆదివారం దాక చూస్త. ఇగ గిట్లనే ఉంటే బిడ్డను తీస్కొని మా అమ్మగారింటికి పోత. మల్ల రాను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. మరునాడే సెలవు పెట్టి, డ్రాయర్లోని పాత ఫోటో జేబులో వేసుకుని కొత్వాల్‌గూడ వెళ్లాను.

వెంకటయ్య ఇల్లు అడిగితే చూపించారు. వాకిట్లో దానిమ్మ చెట్టు. గడప మీద ఒక ముసలావిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె పేరు బాలమ్మ, వెంకటయ్య భార్య. ముడతలు పడ్డా ఆ మొహం పోల్చుకోవడం కష్టం కాలేదు. కెమెరా కొన్నది నేనేనని చెప్పాను. అందులో లక్క ఎందుకు పోశారో తెలుసా అని అడిగాను.

"లక్క సంగతి నాకెర్క లేదు బిడ్డా," అంది. "ఆయన ఊరందరి ఫోటోలు తీసిండు, నాది ఒక్కటి తియ్యలే. అడిగి అడిగి ఇడిసిపెట్టిన. ఒకనాడు పట్నంకెల్లి ఈ కెమెరా పట్టుకొచ్చిండు. పాతదే. బాగు జేసుకున్నడు. కొత్త చీర కట్టుకోమన్నడు. ఇగో, గీ చెట్టు కాడనే నిలవెట్టిండు. సిగ్గుతోని మస్తు నవ్విన."

"తర్వాత?"

"తర్వాతేముంది. రెండు దినాలకు నా చేతి బువ్వ ఇడిసిపెట్టిండు." వాకిలి మూలనున్న రేకుల గది చూపించింది. "గా గదిల ఒక్కడే వండుకున్నడు. పన్నెండేండ్లు. నా తప్పేంది అంటే మొకం తిప్పుకునేటోడు. పాణం పొయ్యేటప్పుడు నీళ్లు పోస్తే నోరు తెర్వలే."

ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"గా ఫోటో ఏమన్న దొరికిందా బిడ్డా? ఎట్లొచ్చింది?"

అది నా జేబులోనే ఉంది. తీసి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అరుణకు చెప్పిన అబద్ధమే నోటికొచ్చింది.

"రీలు ఖరాబైంది అవ్వా. ఏం రాలే."

ఆమె ఆ రేకుల గది వైపు చూసింది. "గంతేనా? ఖరాబైంటే గా ముక్క నాతోని చెప్తే వాని సొమ్మేం పోయెనే!" అంది.

అప్పుడు చూశాను. పళ్లు బిగబట్టి, కళ్లార్పకుండా, ప్రాణాలతో వదలకూడదన్నట్టు. ఫోటోలో ఉన్నది అచ్చంగా ఆ మొహమే. పన్నెండేళ్లు తన చేతి ముద్ద ముట్టని మొగుణ్ణి తలుచుకుంటే ఆమెకు ఆ చూపు వచ్చింది. కానీ ఆ ఫోటో తీసిన రోజుకు వాళ్ల మధ్య ఏమీ జరగలేదు. ఆమె సిగ్గుపడి నవ్విన రోజు అది.

ఎలా ఇంటికొచ్చానో తెలియదు. బీరువా వెనకనుంచి ఫోటోలన్నీ తీసి అరుణ ముందు పెట్టాను. మొత్తం చెప్పాను. బాలమ్మ ఫోటో కూడా చూపించాను. అరుణ తన ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత చిన్నిది చూసి దాన్ని వెంటనే బోర్లించింది.

"నేను నిన్ను గిట్ల ఎన్నడన్న చూసిన్నా?" అంది.

"ఇంకా చూడలేదు," అన్నాను.

ఆమెకు అర్థమైంది. లేచి వెళ్లి అన్నం వడ్డించుకొచ్చింది. నేను తిన్నాను. తింటూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ వారమే పాతబస్తీలో గాజులు చేసే ఆయన దగ్గర లక్క తెచ్చాను. నా చేత్తో నేనే కరిగించి, షట్టరు మునిగేదాకా పోసి, స్క్రూల మీద గీత పడకుండా బిగించాను. నేను బాగు చేసిన వాటిల్లో అంత మంచి కెమెరా లేదు, దాన్ని చంపుతుంటే చేతులు ఒప్పుకోలేదు. అమ్మలేదు, పారేయలేదు. ఎక్కడ పారేసినా నాలాంటివాడొకడు ఏరుకుని బాగు చేస్తాడు. వెంకటయ్యకు ముందు పట్నంలో అది ఎవరిదో, వాళ్లింట్లో ఏం జరిగిందో నేను కనుక్కోలేదు.

ఆ తర్వాత మూడేళ్లు గడిచాయి. లెన్సు గురించి, రీలు గురించి నాకు తెలిసినదంతా తిరగేసి చూశాను. ఇంకా రాని చూపు కాగితం మీదకు ఎలా వచ్చిందో నాకు అంతు చిక్కలేదు. దయ్యమని ఇప్పటికీ అనను.

చిన్నికి ఇప్పుడు ఏడేళ్లు. పెదవి మీద కుట్ల గుర్తు అలాగే ఉంది. నా మీద అలిగినప్పుడు ఒక్కోసారి మూలన నిలబడి నా వైపు చూస్తుంది. అప్పుడు నేను ఏ పనిలో ఉన్నా వదిలేసి వెళ్లి, అది నవ్వేదాకా దాని ముందు నుంచి కదలను.