ఎర్ర తువ్వాలు

రాయపూర్ రైల్వే యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ మార్చే షంటింగ్ ఇంజన్ నడిపే పరదేశి పుట్టి బుద్ధెరిగాక ఎర్ర సిగ్నల్ దాటి ఎరగడు. ఇంటికెళ్ళేటప్పుడు రాజ్‌దూత్ మోటారుసైకిల్ మీద కూడా మలుపు మలుపుకీ మెడ బయటికి సాచి, వెనక లేని పెట్టెలన్నీ సరిగా వస్తున్నాయో లేదో చూసుకునేవాడు. అంతటి వేగశాలి ఎనభై నాలుగులో భన్‌పురి మైదానంలో మోటారుసైకిల్ పందేనికి పేరిచ్చాడు. అది విదేశంలో జరగబోయే లాంగ్ ట్రాక్ పోటీకి అర్హత రౌండట, మొదటి ఇద్దరికీ విమానం టిక్కెట్టట. ఎనిమిదిమంది దుమ్ములో గుండ్రంగా తిరిగారు. దేవుడు ఏ పరధ్యానంలో ఉన్నాడో గానీ, ఆఖరి చుట్టులో పరదేశి రెండోవాడుగా వచ్చేస్తున్నాడు. మొదటివాడు గీత దాటేశాడు. గీత పక్కనే నిలబడ్డ భార్య గంగాభవాని ఆనందం పట్టలేక చేతిలోని ఎర్ర తువ్వాలు గిరగిరా ఊపింది. పరదేశి గీతకి ఇరవై గజాల దూరంలో బ్రేకు తొక్కి ఆగిపోయాడు.

"ఆగిపోనావేటి మావా? చలో, ఎల్లు!"

"ఎర్ర సూపించి ఎల్లమంటావేటే? పచ్చ సూపించు!"

వెనకవాళ్ళు ఆరుగురూ అతని మీద మట్టి చిమ్మి పోయారు. గంగాభవాని ఎవరి సంచిలోంచో కొత్తిమీర కట్ట లాగి ఊపాక, పరదేశి నింపాదిగా కదిలి ఎనిమిదోవాడుగా గీత దాటాడు. బండి దిగుతూనే కాగితం అడిగి, అక్కడికక్కడే నిర్వాహకులకి ఫిర్యాదు రాసిచ్చాడు: "మొదటివాడు ఎర్ర సిగ్నల్ పడకముందే దాటినాడు గనుక నిర్దోషి. తక్కిన ఆరుగురిని సస్పెండు చేయవలెను."