గోధుమ వెనకాల వంతు

నిన్న మా ఊళ్లో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కు వెళ్తే, పిండ్లకే ఒక అలమర మొత్తం ఇచ్చేశారు. ఇది కేకుకు, ఇది బిస్కెట్లకు అని ప్యాకెట్ల మీద బొమ్మలు వేసి మరీ చెబుతున్నారు. రాగిపిండి ప్యాకెట్ ఒకటి తిప్పి చూశాను. 'గోధుమ తగలని యంత్రంలో ఆడించినది' అని వెనక చిన్న అక్షరాల్లో ఉంది. అది చదివి అక్కడే నిలబడిపోయాను. బండి తోసుకుంటూ వచ్చిన ఆవిడ రెండుసార్లు జరగమంటే గానీ నాకు వినబడలేదు.

మా అత్తగారికి బొమ్మలతో పని ఉండేది కాదు. పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి దాని జాతకం చెప్పేది. బిస్కెట్లకు మైదా. ఎక్కువ పిసికితే చెక్కలవుతాయని ఇంకెవరినీ చేయి పెట్టనిచ్చేది కాదు. కేకుకు సగం మైదా, సగం గోధుమపిండి. ఆ గోధుమపిండిని జల్లెడతో కాకుండా బ్యాండేజి గుడ్డ రెండు మడతలు వేసి జల్లించేది. సత్రపట్టిలో ఆమె తమ్ముడికి ఆ గుడ్డ నేసే మగ్గాలుండేవి, అందుకని మా ఇంట్లో దానికి కరువు లేదు. "ఊరోళ్లు పుండుకు కట్టేది, నువ్వు కేకుకు కడతా ఉండావు" అని మామగారు ఎగతాళి చేస్తే, "తినేటప్పుడు మట్టుకు నోరు మూసుకోని తింటారు గదా" అనేది. ఓవెన్ కూడా లేదు. కుక్కర్‌లో ఇసుక పోసి, విజిల్ తీసేసి, అందులోనే అన్నీ.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు మదురై డాక్టరు ఆ పిల్లకు గోధుమ పడదని తేల్చాడు. మైదా, రవ, సేమియా, ఏదీ చిటికెడు కూడా తగలకూడదట. అత్తగారు మూడు రోజులు పిండి డబ్బాలు దింపుతూ, మళ్లీ ఎక్కిస్తూ గడిపింది. నాలుగో రోజు ఇంట్లో ఉన్న మైదా, గోధుమపిండి, జల్లించే గుడ్డలు అన్నీ పనమ్మాయికి ఇచ్చేసి, "బిడ్డ తిననిది ఈ ఇంట్లో ఎవరికీ వద్దు, సరియా?" అంది. ఆ మాటకు నాకు ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు, అది వేరే సంగతి.

తర్వాత రోజూ మిక్సీలో పిడికెడు పిడికెడు తిప్పి ప్రయోగాలు. బియ్యప్పిండి బిస్కెట్లు కరకరలాడాయి గానీ పట్టుకుంటే పొడి. సజ్జపిండి నాలుగు రోజులకే చేదెక్కింది. వట్టి రాగిపిండి కేకు మధ్యలో కుంగిపోయింది. చివరికి రాగిపిండిలో మూడో వంతు బియ్యప్పిండి, ఒక గుడ్డు ఎక్కువ, బాగా మగ్గిన అరటిపండు. అమ్మయ్య, పొంగింది! ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఏడో పుట్టినరోజుకు పెద్ద కేకు కావాలి గనుక రాగులు పిండిమిల్లులో ఆడించుకొచ్చాను. పిల్ల మూడు ముక్కలు తిన్నది. మర్నాడు పొద్దున వాంతులు, కడుపు పట్టుకుని మెలికలు. నాకు ఒళ్లు తెలియలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి అడిగేశాను.

"పొంగాలని ఒక గరిటె మైదా వేసినారు గదా అత్తా? నిజం చెప్పండి."

"లేదమ్మా, వెయ్యలేదు."

అంతే అంది. నేను నమ్మలేదు. పైగా ఆమె వింటుండగానే పిల్లతో, "ఇంకమీద అవ్వ ఏమిచ్చినా నన్నడిగి తిను" అన్నాను. ఆ రోజు నుంచి ఆమె అరటిపండు ఒలిచి ఇచ్చినా పిల్ల ముందు నా ముఖం చూసేది. అత్తగారు ఆ చూపును చూసేది. కుక్కర్‌లో ఇసుక పోయడం మానేసింది.

మా ఆడవాళ్లకు మిల్లులో ఒక పట్టుదల ఉంది. మిరపకాయల వెనకాల ధాన్యం పోయరు. గోధుమ ఆడించినవాళ్ల వెనకాల వంతు పడితే పిండికి ఘాటు అంటదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తగారే నాకు నేర్పిన విద్య అది. నెల తర్వాత సంకటికి రాగులు తీసుకుని మిల్లుకు వెళ్లాను.

"రాండక్కా, ఇప్పుడే గోధుమ ఆడించినాను. పోయినసారి మాదిరే మీకు వంతు బాగా కుదిరింది" అన్నాడు మిల్లాయన.

పోయినసారి! మిరపకాయలామెను ముందుకు పంపి, గోధుమ తెచ్చినామె వచ్చేదాకా అరగంట కాచుకుని, ఆమె వెనకాల రాగులు పోయించింది నేనే. ఆ యంత్రంలో మిగిలిన గోధుమపిండిని నా బిడ్డకు పెట్టింది నేనే. డబ్బా అలాగే ఎత్తుకుని ఇంటికొచ్చి ఏడుస్తూ అత్తగారికి చెప్పాను. తిట్టినా బాగుండేది.

"నేను వెయ్యలేదని నాకు తెలుసు గదా. నాతో ఎందుకమ్మా? పో, బిడ్డతో చెప్పు" అంది.

చెప్పాను. తప్పు అమ్మది, అవ్వది కాదు అన్నాను. పిల్ల బుద్ధిగా తలూపింది. మర్నాడే అత్తగారు అటక మీది తిరగలి దింపించి, కడిగి, తనే రాగులు విసిరి, బిస్కెట్లు చేసి చేయి చాచింది. పిల్ల నా వైపు చూసింది. "తిను" అన్నాను, తిన్నది. మరుసటి వారమూ చూసింది. ఆ పై వారమూ చూసింది.

కడుపునొప్పి రెండు రోజుల్లో తగ్గింది. నా ముఖం చూడకుండా అవ్వ చేతిలోంచి బిస్కెట్ తీసుకోవడానికి మాత్రం మా అమ్మాయికి ఏడు నెలలు పట్టింది. ఆ తర్వాత అత్తగారు రెండేళ్లే ఉంది. నోరు జారింది నేను, ఉన్న కొద్ది కాలంలో ఏడు నెలలు పోగొట్టుకున్నది ఆమె.