గొట్టం పరీక్షకు ఎడ్ల బేరం

ఆస్పత్రిలో బేరమాడి, గెలిచి, చివరికి వాళ్ళు అడిగినదానికంటే ఎక్కువ వదిలించుకుని ఇంటికొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూసుకోండి.

తొంభైల మొదట్లో సంగతి. హుస్నాబాద్ పక్కన మా ఊరు. ఎడ్లంగడిలో బేరమాడటంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఊళ్ళో ఎవరు ఎద్దును కొనాలన్నా పెద్దవాళ్ళను వదిలేసి, మీసం సరిగా రాని నన్ను వెంటబెట్టుకు పోయేవాళ్ళు. ఇక నా తల పొగరు గురించి మీరే ఊహించుకోండి.

మా నాన్నకు, అంటే బాపుకు, కడుపులో మంట మొదలై నెలలు గడిచాయి. తింటే మంట, తినకపోయినా మంట. మనిషి సగమైపోయాడు. మా వాడకట్టులో ఒకాయనకు ఇలాగే మొదలై, చివరికి ప్రాణమే పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ, ఎవరికీ నిద్ర లేదు. హుస్నాబాద్ డాక్టరు, "కరీంనగర్ పోయి నోట్లకెళ్లి గొట్టం ఏయించి కడుపు చూపిచ్చుకోండ్రి" అంటే బాపు ససేమిరా అన్నాడు. మా అమ్మ, అదే అవ్వ, అన్నం మానేసి కూర్చుంటే చివరికి సరేనన్నాడు. నాకూ లోపల భయమే. భయమేస్తే నేను బేరమాడతాను. అది నా జబ్బు, దానికి గొట్టం పరీక్ష లేదు.

కరీంనగర్ ఆస్పత్రిలో డబ్బులు కట్టే కిటికీ వెనక ఖలీల్ భాయ్ అనే పెద్దమనిషి కూర్చున్నాడు.

"గొట్టం ఏసి చూసెతందుకు ఎంతైతది భాయ్?"

"అయిదువందలు తమ్మీ. ముక్క తీసి పరీక్షకు పంపితే దానికి వేరే."

"ముక్కనా? ఎవల ముక్క?"

"చాచా కడుపులకెళ్లి జరంత తీస్తరు."

"మా ముక్క మీరు తీసుకొని, పైసలు గూడ మేమే కట్టాల్నా?"

ఖలీల్ భాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకు నిజంగానే అర్థం కాలేదండీ. అంగడిలో అయితే వస్తువు ఇచ్చినవాడికి డబ్బులొస్తాయి కదా.

"మా అంగట్ల ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసుడు ముఫత్ భాయ్. కొంటెనే పైసలు."

"గిక్కడ చూసేది నోరు గాదు తమ్మీ, కడుపు."

"కడుపుల ఏం లేదని తేలితే?"

"ఏం లేకున్నా అయిదువందలే."

"ఏం దొరకకున్నా పైసలు కట్టుడేంది భాయ్?"

"ఏం దొరకద్దనే గద తమ్మీ, గింతమంది వచ్చి కట్టేది."

బేరం తెగనప్పుడు అంగడిలో ఒకటే ఉపాయం, లేచి నడవడం. పది అడుగులు వేసేలోపు అమ్మేవాడే పిలుస్తాడు. "దా బాపు, పోదాం" అని బాపు చెయ్యి పట్టుకుని నడిచాను. బాపు నాకంటే వేగంగా నడిచాడు. గేటు వచ్చింది, ఎవరూ పిలవలేదు. తిరిగి చూస్తే నా చోట్లో ఇంకొకాయన నిలబడి డబ్బులు కడుతున్నాడు. చేసేదేముంది, తువ్వాల మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాను. తువ్వాల నా భుజం మీదే ఉంది.

ఖలీల్ భాయ్‌కి జాలి కలిగిందో, విసుగు పుట్టిందో, లోపలికి పోయి వచ్చాడు.

"రైతులని చెప్పిన. డాక్టర్ సాబ్ మూడువందల యాభైకి చేస్తనన్నడు. ఇగ లొల్లి జెయ్యకు."

నేను కట్టేశాను. అయిదువందల ఎద్దును మూడున్నర వందలకు పట్టినంత సంబరం. చీటీ ఇస్తూ ఖలీల్ భాయ్ అడిగాడు, "చాచా పొద్దుగాల్నుంచి ఏం తినలే గదా?"

మా దగ్గర ఎదురుపడిన ప్రతివాడూ తిన్నావా అనే అడుగుతాడు. పలకరింపు అలాగే ఉంటుంది. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

"ఏడ తిన్నడు భాయ్, చాయ్ గూడ తాగలే."

"మంచిగైంది. పిలిచేదాక గాడ కూసోండ్రి."

కూర్చుంటే నేనెందుకవుతాను? మా అంగడిలో బేరం తెగితే చాయ్ తాగి తీరాలి. తాగకపోతే కొన్న ఎద్దు కొత్త ఇంట్లో మేత ముట్టదని పట్టింపు. బాపును ఎదురుగా ఉన్న హోటల్‌కు తీసుకుపోయాను. చాయ్ చెప్పాను, మిర్చి బజ్జీలు చెప్పాను. వద్దంటాడేమో అనుకున్నాను. బాపు ప్లేటు దగ్గరికి లాక్కుని తిన్నాడు. ఇంకో ప్లేటు కూడా అడిగాడు. నెలల తర్వాత బాపు కడుపునిండా తింటుంటే నా కళ్ళు చెమర్చాయి.

తిరిగి వచ్చేసరికి నర్సమ్మ పిలిచింది. "పెద్దాయన ఏమన్న తిన్నడా?"

"మస్తు తిన్నడు సిస్టర్. రెండు ప్లేట్లు."

ఆమె లోపలికి పోయి డాక్టరును వెంటబెట్టుకు వచ్చింది. ఆయన నన్నూ బాపునూ మార్చి మార్చి చూసి, "కడుపు ఖాళీగ ఉంటెనే ఏమన్న కనవడ్తది. ఇప్పుడు గొట్టం ఏస్తే నాకు కనవడేది బజ్జీలే. రేపు పొద్దున రాండ్రి" అన్నాడు. ఖలీల్ భాయ్ తల పట్టుకున్నాడు.

అలా లాడ్జి కిరాయి, అన్నం ఖర్చు, అవ్వ కంగారు పడకుండా ఊళ్ళోకి ఫోను, అన్నీ కలిసి నేను తగ్గించిన నూటయాభైని ఎప్పుడో దాటిపోయాయి. మర్నాడు పొద్దున కళ్ళలో వత్తులు వేసుకుని బాపుకు కాపలా కాశాను. నీళ్ళ కుండ వైపు చూసినా అనుమానమే. గొట్టం లోపలికి పోయింది, వచ్చింది. డాక్టరు బయటికొచ్చి, "పుండున్నది. మీరు భయపడే రోగం గాదు. మందులతోని మానుతది. చాయ్, మిరపకాయలు బంద్" అన్నాడు. నేను గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

బస్సులో బాపు మెల్లగా నోరు విప్పాడు.

"ఏం తినకుంట పోవాలని హుస్నాబాద్ డాక్టరు నాకు ముందుగాల్నే చెప్పిండు బిడ్డా."

"మరి బజ్జీలెందుకు తిన్నవ్?"

"నువ్వే గదరా ఎప్పుడు చెప్తవు, తక్కువకు ఒచ్చిన ఎద్దుల ఏదో లోపముంటదని. అయిదువందల పనిని మూడువందల యాభైకి చేస్తనంటే నాకు గుబులైంది. గొట్టం సగందాకనే ఏసి, ఏం లేదు పో అంటడేమో అని."

"మరి ఇయ్యాల ఎట్ల ఒప్పుకున్నవ్?"

బాపు కిటికీ బయటికి చూస్తూ అన్నాడు. "పొద్దుగాల దవాఖాన్ల నువ్వు మొఖం కడుక్కునేటప్పుడు పోయి, గా ఖలీల్‌కు మిగిలిన నూటయాభై కట్టిన. వద్దు చాచా అన్నడు గని నేను ఇననైతి. గొట్టం పూరాగ పోవాలె గదా."

ఆ బస్సులోనే, పక్క సీటులోని మేక సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక బతికున్నంతకాలం ఆస్పత్రి కిటికీ ముందు నోరు తెరవను. తెరిస్తే గొట్టానికే.