ఆవు లేని గోలెం

గజపతినగరం రైతు జగన్నాధం తన ఆవును అమ్మేసి రెండేళ్లయింది. అయినా అది నీళ్లు తాగిన మట్టి గోలేన్ని ఆయన రోజూ పొద్దున్నే నింపుతూనే ఉన్నాడు, ఎప్పుడైనా ఆవు తిరిగొస్తే తాగుతుందని. పాత నీళ్లు పారబోయడం ఆయన ధర్మశాస్త్రంలో లేదు. తగ్గినంత పోయడమే ఉంది.

ఈ నిత్యార్చన సాగుతుండగానే భార్య దాలమ్మకు డెంగీ వచ్చింది. ఆస్పత్రి నుంచి ఆమె నేరుగా శ్రీకాకుళంలో అన్నగారింటికి వెళ్లింది. మూడు వారాలైనా తిరిగి రాలేదు. జగన్నాధం రాత్రిపూట దోమతెర కట్టుకుని, ఖాళీగా ఉన్న రెండో దిండు వైపు తిరిగి పడుకుంటున్నాడు.

శుక్రవారం ఆశా కార్యకర్త ఝాన్సీ వచ్చి గోలెంలోకి తొంగిచూసింది.

"మావా, ఏటీ పురుగులు?"

"నీళ్లు మంచివేనే. డెంగీ దోమ మురుక్కాలవలో కదా పుడతాది?"

"కాదు మావా. అది మంచినీళ్లలోనే గుడ్లెడతాది. వారం పదిరోజుల్లో దోమలైపోతాయి. జొరమున్నోల్ని కుట్టి, తరవాత మనల్ని కుడతాది. అదీ పగలే. రేత్రి నువ్వు తెర కట్టుకుంటే దానికేటి? అత్తకి రోగం ఇక్కడ్నించే వచ్చుంటాది."

జగన్నాధం గోలేన్ని వంచి నీళ్లన్నీ పారబోశాడు. గోడలకంటిన గుడ్లు పోయేలా కొబ్బరిపీచుతో తోమి, ఎండలో బోర్లించాడు. దాని మీదే కూర్చుని ఫోన్ చేశాడు.

"ఒసే దాలమ్మా, గోలెం బోర్లించేసినాను."

"మరి ఆవొస్తే ఏటి తాగుతాది?"

"ఆవు రాదే," అన్నాడాయన. "నువ్వు రా."