తట్టి చూసే సెల్విన్

రాబర్ట్‌సన్‌పేట సెల్విన్‌కు ఉద్యోగం బెంగళూరులో, ప్రాణం మాత్రం ‘పాటతెర’లో. మా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళే ఒకే తమిళ పాటను మూడు లిపుల్లో చదువుకుంటూ పాడతారు. ఒక్కసారి టైపు చేస్తే చాలు, మూడు లిపుల్లోనూ గోడ మీద చూపించే ప్రోగ్రాం అది. రైల్లో పోతూ వస్తూ రాశాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోండి, లోపల చూడండి, బాగుచేసి పంపండి అని ఇంటర్నెట్‌లో పెట్టాడు.

పంపారు కూడా. అదే రైల్లో పోయే ప్రిన్సీ తమిళ అక్షరాలు సరిచేసింది. రఘునందన్ తమ భజన మండలికి పనికొచ్చేలా మార్చాడు. రెండేళ్ళకు ఇరవై మందయ్యారు. కానీ ఎవరేం పంపినా ప్రతి వరుసా సెల్విన్ చూశాకే చేరాలి. చేర్చే అనుమతి, అంటే తాళం, అతనొక్కడి దగ్గరే.

అది తండ్రి పోలికని అతని గర్వం. ఆ తండ్రి శాంతిరాజు మా ఊరి బంగారు గనిలో, రాయి వదులుగా ఉందేమోనని పైకప్పును సుత్తితో తట్టి, చప్పుడు విని సరేనన్నాకే కూలీలు పనిలోకి దిగేవాళ్ళు.

“అన్నా, నేను పంపించి నలభై ఏడు దినాలాయ,” అంది ప్రిన్సీ ఒకనాడు. “రాయి పడేదానికి గూడా ఇంత సేపు పట్టదు.”

“చూస్తా ఉండాను గదమ్మా.”

“ఇంగొకరికి తాళమిస్తే ఏం పోతుందన్నా?”

“కప్పు కూలితే ఎవురి పేరు చెప్తారు? నాదే గదా!”

ఆమె మళ్ళీ అడగలేదు. మెల్లగా అందరూ పంపడం మానేశారు. ఎవరూ ఏమీ పంపడం లేదంటే ఇంక తప్పులే లేవనుకున్నాడు మనవాడు.

ప్రోగ్రాం పెట్టి పదేళ్ళు నిండాయని చర్చి హాల్లో సభ పెట్టాడు. యాభై కుర్చీలు, ‘పాటతెర’ అని రాసిన కేకు, ‘పది కాలాలు నిలిచే సమూహం’ మీద తన ఉపన్యాసం. వచ్చింది ముగ్గురు: తల్లి అంతోనమ్మ, ప్రిన్సీ, రఘునందన్. ప్రార్థన గీతం కోసం ప్రిన్సీ కంప్యూటరు తెరిచింది. పాడేవాళ్ళ వెంబడే పాట వరుసలు గోడ మీద తమంతట తామే కదిలాయి.

“ఇది నేను చూడలేదే!” అన్నాడు సెల్విన్.

“ఇది వేరేదన్నా,” అన్నాడు రఘునందన్ మెల్లగా. “నీదాన్నే కాపీ తీసి పెంచినాము. రెండేండ్లాయ, అందరూ ఆడనే ఉండారు. పైన మొదటి పేరు నీదే.”

ఉంది నిజమే, సమాధిరాయి మీద ఉన్నట్టు.

“మన చర్చిలో గూడా ఇదేనా?”

అంతోనమ్మ కేకు వైపు చూసింది. “ఏడాదాయ నాయనా. నీకు యాడ నొస్తుందోనని చర్చి అయ్యగారు చెప్పొద్దన్నాడు. నీకు తెలీకుండా వరుసలు చేత్తోనే జరిపిస్తా ఉండాడు.”

ఏడాదిగా ప్రతి ఆదివారం గోడ వైపు చూస్తూ, అది తనదేననుకుని ఛాతీ విరుచుకుని పాడాడు. ఆ సంగతి చర్చి అంతటికీ తెలుసు.

ఇంటికి పోతూ తల్లి అంది: “మీ నాయన ఒక్కడే తట్టినాడని ఎవురు చెప్పినార్రా? తనతో గనిలోకి దిగే పిల్లప్పకూ ఆస్టిన్‌కూ దగ్గరుండి నేర్పించి, సుత్తి వాళ్ళ చేతికే ఇచ్చినాడు. ఆయప్పకు జ్వరమొస్తే గని నిలబడిందా?”

సోమవారం ఊరిగాం స్టేషన్లో రైలెక్కి, ఆ కొత్తదానికి చిన్న దిద్దుబాటు పంపాడు. బంగారుపేట రాకముందే ప్రిన్సీ చేర్చేసింది. వెంటనే ఇంకో కబురు: “అన్నా, నీకూ ఒక తాళం. వారంలోపల ఒప్పుకోవల్ల.”

ఆ కబురును సెల్విన్ రోజూ తెరిచాడు, రోజూ చదివాడు, ఇందులో ఏముందోనని అటూ ఇటూ తట్టి చూశాడు. ఎనిమిదో రోజు రైల్లో తెరిస్తే గడువు దాటిందని ఉంది. ఇంకొకటి పంపమంటే ప్రిన్సీ క్షణంలో పంపేది. ఆమె ఎదురు సీట్లోనే కూర్చుని ఉంది. బెంగళూరు వచ్చేదాకా సెల్విన్ కిటికీలోంచి బయటికే చూశాడు.