తిరగేసిన కాలర్

మూతపడిన బట్టల ఫ్యాక్టరీలో టైమ్‌కీపరుగా చేసిన ఆయన, నిరుద్యోగ భృతి ఆఫీసుకు కూడా ఇస్త్రీ చొక్కాతో అరగంట ముందే వస్తాడు. క్యూలో ఆలస్యంగా చేరినవాళ్లను కళ్లద్దాల మీదుగా ఓ చూపు చూస్తాడు. ఆ రోజు, భృతి ఎంతుండాలో రాసిమ్మని ఆఫీసువాళ్లు కాగితాలు పంచారు. దస్తూరీ బాగుంటుందని అందరివీ ఆయనే నింపాడు, అడగనివాళ్లకు కూడా "రెట్టింపు చేయాలి" అని ధారాళంగా రాసేస్తూ. తన దాంట్లో మాత్రం "ఇస్తున్నది చాలు" అని రాసి, పెన్నుకు మూత పెట్టాడు.

"అదేంటన్నయ్యా?" అంది వెనకున్నావిడ. అదే ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. "నాదేముందమ్మా, ఇవాళో రేపో ఉద్యోగంలో చేరేవాణ్ణి." రెండేళ్లుగా ఇదే మాట. ఆవిడ ఆయన కాలర్ వంక చూసింది. చిరుగు కనబడకుండా దాన్ని తిరగేసి కుట్టింది తనే. ఇప్పుడు ఈ వైపు కూడా పీచులు లేచాయి. "కాలర్‌ని ఒక్కసారే తిరగేయగలం అన్నయ్యా. ఆ పెన్ను ఇలా ఇవ్వండి." ఆయన మూత తీసి మరీ ఇచ్చాడు.