ఎలుకల గదిలో నా పరిశోధన

వెర్లిన్ డైక్‌హౌస్ పోయినప్పుడు మా ఊరి వారపత్రికలో వేసిన నాలుగు వాక్యాల్లో ఒకటి ఇలా ఉంది: “విశ్వవిద్యాలయ పరిశోధనా విభాగానికి పంతొమ్మిదేళ్ళు సేవలందించారు.” ఆయనే గనక అది చదివి ఉంటే చొక్కా జేబులోంచి పొట్టి పెన్సిలు తీసి, ‘పరిశోధనా విభాగం’ కొట్టేసి, పైన ‘ఎలుకల గది’ అని రాసేవాడు. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, ఒకసారి ఆ పెన్సిలు నా మీద కూడా నడిచింది.

అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు. డిగ్రీలో సాహిత్యం చదువుతూ, అదయ్యాక డాక్టరు చదువుకు వెళ్ళాలన్న కోరికతో పక్కన రసాయనశాస్త్రం, జీవశాస్త్రం కూడా లాక్కొస్తున్నాను. మూడో ఏడు ఫిబ్రవరిలో దరఖాస్తుల సలహాదారు మిసెస్ క్వాల్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా కాగితాలు తిరగేసింది.

“మార్కులు బాగున్నాయి. వృద్ధాశ్రమం వంటింట్లో పని, బాగుంది. పరిశోధన ఏదీ?”

“చేయలేదండీ.”

“ఒక్క వేసవి కూడానా?”

“వేసవుల్లో పగలు కూలికి మొక్కజొన్న చేలల్లో మగపూత విరిచేదాన్ని. సాయంత్రం వంటిల్లు.”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “హైడీ, ఈ రోజుల్లో పరిశోధన లేకుండా వైద్య కళాశాలకి దరఖాస్తు పెట్టడమంటే చెప్పుల్లేకుండా పెళ్ళికి వెళ్ళడమే. లోపలికి రానివ్వరని కాదు. అందరూ నీ కాళ్ళే చూస్తారు.”

మర్నాటి నుంచి చెప్పుల వేటలో పడ్డాను. వారంలో పదకొండు మంది ప్రొఫెసర్ల తలుపులు తట్టాను. ఒకాయనతో, చిన్నప్పటి నుంచీ నాకు ఈస్టు కణాలంటే ప్రాణమని చెప్పాను. ఇంకొకావిడతో, చిన్నప్పటి నుంచీ చేపల వెన్నెముకలంటే ప్రాణమన్నాను. ఆ వారంలో నాకు పదకొండు బాల్యాలు గడిచాయి. పదకొండు మందీ “ఖాళీ లేదమ్మా” అన్నారు. పన్నెండో మనిషి ప్రొఫెసర్ హ్యాన్‌లన్ మెట్లు దిగుతూ, నా బాల్యం ఇంకా మొదలుపెట్టకముందే అడ్డుకున్నాడు.

“ఎలుకల గదిలో మనిషి తక్కువైంది. కిందికెళ్ళి వెర్లిన్‌ని కలువు.”

హ్యాన్‌లన్ కాన్సర్ మీద పనిచేసేవాడు. ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి, కాన్సర్ ప్రయోగశాలలో చోటు దొరికిందన్నాను. అబద్ధం కాదు, ఆ భవనం అదే. ఆదివారం మా ఊరి చర్చిలో పంచిన కాగితంలో “కాన్సర్‌కు మందు కనిపెడుతున్న మన హైడీ టాలెఫ్‌సన్ కోసం ప్రార్థించండి” అని అచ్చయింది. ఊరంతా నాకోసం తలలు వంచిన ఆ గంటలో నేను ఒక రేకుతో బోను అడుగున అంటుకున్న పెంటికలు గీకుతున్నాను.

వెర్లిన్ పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. ముప్ఫయ్యేళ్ళు పందులు పెంచి, ఫారం అమ్మేశాక ఈ పనిలో చేరాడు. మొదటిరోజు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“పరిశోధనకొచ్చిన పిల్లవి నువ్వేనా?”

“అవునండీ.”

“మాస్కు తలకిందులుగా పెట్టుకున్నావ్.”

సరిచేసుకుని లోపలికి అడుగుపెట్టాను. నాలుగు వందల బోనుల ఉచ్చ వాసన మొహం మీద కొట్టింది. కళ్ళు తెరిచేసరికి రంపపుపొట్టు సంచుల మీద పడుకుని ఉన్నాను. పక్కన వెర్లిన్ తాపీగా సీసాల్లో నీళ్ళు నింపుతున్నాడు.

“పర్లేదులే. మా పంది మొదటిసారి ఈనినప్పుడు నా బామ్మర్ది కూడా ఇట్టాగే పడిపోయాడు. వాడు లేవడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.”

పని ఏమిటంటే, బోనులోంచి ఎలుకల్ని తోక మొదలు దగ్గర పట్టి శుభ్రమైన బోనులోకి మార్చాలి, పాత పొట్టు పారబొయ్యాలి, కొత్త పొట్టు వెయ్యాలి, నీళ్ళ సీసా బోర్లించి పెట్టాలి, బోనుకున్న చీటీ తప్పిపోకుండా చూడాలి. మధ్యాహ్నం పన్నెండుకి వెర్లిన్ హామ్ శాండ్‌విచ్ విప్పి, రేడియోలో పందుల ధరలు వినేవాడు. ఆయనకప్పుడు ఒక్క పంది కూడా లేదు. అయినా ధర పడిపోతే ఆ పూటంతా ముభావంగా ఉండేవాడు.

రెండు వారాలకి నాకు భయం పట్టుకుంది. ఇందులో పరిశోధన ఎక్కడుంది? పోనీ మనమే పుట్టిద్దామనిపించింది.

“వెర్లిన్, మనం ఒక ప్రయోగం చేద్దామా?”

“ఏం ప్రయోగం?”

“రేడియో వింటే ఎలుకలు ఎక్కువ మేత తింటాయా అని.”

“తింటే?”

“తింటే అది ఫలితం.”

“తినకపోతే?”

“అదీ ఫలితమే.”

ఆయన కాసేపు నమిలాడు. “అయితే ఇప్పుడే రాసేసుకో. బోనులకి ఆలస్యమవుతోంది.”

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం నేను సీసాలు పెడుతూ, మనసులో దరఖాస్తు వ్యాసానికి మొదటి వాక్యం చెక్కుతున్నాను. ‘మానవ వేదన’ అన్న మాట ముందు రావాలా, వెనక రావాలా అన్నది నా సమస్య. ప్రతి సీసానూ బోర్లించాక గొట్టం చివర నీళ్ళు కారుతున్నాయేమో ఒక్క క్షణం చూడాలి. ఒకదానికి చూడలేదు. శనివారం పొద్దున్న వచ్చేసరికి ఆ బోనులో పొట్టంతా నానిపోయి ఉంది. రాత్రంతా తడిలో తొమ్మిది పిల్లలు చల్లబడి చచ్చిపోయాయి. ఇంకా కళ్ళు తెరవని పిల్లలు, వేలెడంత లేవు. చీటీ మీద యూన్‌హీ అనే పరిశోధక విద్యార్థిని పేరుంది. ఆ సంతానం కోసం ఆమె ఎనిమిది నెలలుగా జతలు కలుపుతోంది.

నాకు మొదట వచ్చిన ఆలోచన గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఎలుకలు తమ పిల్లల్ని తామే తినేస్తుంటాయని చదివాను. తొమ్మిదింటినీ చెత్తసంచిలో వేసి, పొట్టు మార్చేస్తే, తప్పు తల్లి ఎలుక మీదకి పోతుంది. సంచి అందుకున్నాను కూడా. అప్పుడు వెర్లిన్ వచ్చాడు. బోను చూశాడు. సీసా తీసి తిప్పి చూశాడు. గొట్టంలోంచి చుక్క పడింది, ఇంకో చుక్క పడింది. ఆయన గోడకున్న ఫోన్ తీసి నా ముందుకు చాపాడు.

“యూన్‌హీ పైనే ఉంది. నాలుగు నొక్కు.”

“మీరు చెప్పరూ?”

“సీసా నేను పెట్టానా?”

నేను వెనక్కి తగ్గాను. ఆయన రెండడుగులు ముందుకేసి రిసీవర్ నా చెవికి ఆనించి, తనే నాలుగు నొక్కాడు. చెప్పాను. యూన్‌హీ కిందికి వచ్చింది, బోను చూసింది. “సరే, చెప్పినందుకు థాంక్స్. మళ్ళీ మొదలుపెడతాను” అని మొహం పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఆ రోజు నాకు అన్నం సహించేది.

సెప్టెంబర్‌లో సిఫారసు ఉత్తరాల వేళ వచ్చింది. హ్యాన్‌లన్‌ను అడిగితే, “నాకు తీరిక లేదు. నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను” అన్నాడు. అక్కడ అదొక మామూలు. ఇంకో మామూలు ఏమిటంటే, ఆ ఉత్తరాన్ని ఎన్నడూ చూడనని విద్యార్థి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అంటే నేనే రాసిన ఉత్తరాన్ని నేను చూడనని మాటిచ్చాను.

సాహిత్యం చదువుకున్నదాన్ని, పైగా విషయం నాకు ఇష్టమైనది. రెండు పేజీలు ఎక్కడా ఆగకుండా వచ్చాయి. “ఇంతటి నిశితదృష్టి గల యువ పరిశోధకురాలిని నా ఇరవయ్యేళ్ళ అనుభవంలో చూడలేదు” అని నా గురించి నేనే ఆశ్చర్యపోయాను. ఎలుకల జీవన పరిసరాల మీద నేను “అధ్యయనం” సాగించాను. నా “సూక్ష్మ పరిశీలన” ప్రయోగశాలకు వెన్నెముక అయింది. తొమ్మిది పిల్లల సంగతి, చోటు చాలక, రాయలేదు.

ఉత్తరం హ్యాన్‌లన్ చేతికిచ్చి, పన్నెండు కళాశాలలకు దరఖాస్తులు పంపాను. పది వద్దన్నాయి. ఒకటి బదులే ఇవ్వలేదు. పొరుగు రాష్ట్రంలోని ఒక కళాశాల జనవరిలో ఇంటర్వ్యూకు పిలిచింది. మా పిన్ని కోటు తొడుక్కుని, దాని పొడుగు చేతులు మడిచి పిన్నులు పెట్టుకుని, మంచులో ఆరుగంటలు బస్సులో వెళ్ళాను. ఆ ఒక్క గదిలో నెగ్గకపోతే ఇక డాక్టరు చదువు లేదని నాకు తెలుసు.

ఎదురుగా కూర్చున్నది డాక్టర్ బెల్‌నాప్, రిటైరుకు దగ్గరపడ్డ శస్త్రవైద్యుడు. నా దరఖాస్తు పైకి చదివాడు. “‘జన్యుమార్పిడి ఎలుకల జీవన పరిసరాలపై అధ్యయనం.’ బాగుంది.” ఇంకో కాగితం తీశాడు. “మీ ప్రొఫెసర్ ఇలా రాశారు. ‘ఈ అమ్మాయి బోనులు కడుగుతుంది. పరిశోధన చేయలేదు. చేశానని చెప్తే, ప్రశ్న ఏమిటో అడగండి.’”

ఆ మూడు వాక్యాలూ ఎవరివో మొదటి మాటకే తెలిసిపోయింది. చెవుల్లోంచి వేడి వచ్చింది.

“కాబట్టి అడుగుతున్నాను. ప్రశ్న ఏమిటి?”

“పరిసరాలకూ... ఎలుకల స్థితిగతులకూ మధ్య... పరస్పర...”

“అది ప్రశ్న కాదు. పాఠ్యపుస్తకంలో అధ్యాయం పేరు.”

ఇంకో అర నిమిషం ఈదాను. పిన్ని కోటులో ఒక పిన్ను ఊడి మణికట్టులో గుచ్చుకుంది. బహుశా అదే నన్ను ఆపింది.

“ప్రశ్న లేదు సార్. బోనులు కడిగాను.”

“అదైనా బాగా కడిగారా?”

“మొదట్లో లేదు.” అడగకుండానే సీసా సంగతి చెప్పేశాను. తొమ్మిది పిల్లలు, ఎనిమిది నెలలు, యూన్‌హీ.

“మీరే ఫోన్ చేసి చెప్పారా?”

ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదు. ‘అవును సార్’ అంటే చాలు, కథానాయికనైపోతాను. నోరు తెరిచాను. నిజం చెప్పడానికి ధైర్యం వచ్చిందనుకోకండి. ఆయన చేతిలో ఇంకా ఎన్ని వాక్యాలున్నాయో నాకు తెలియదు, అంతే.

“నంబరు నొక్కింది వెర్లిన్, సార్. రిసీవర్ కూడా ఆయనే నా చెవి దగ్గర పెట్టాడు. లేకపోతే చెప్పేదాన్ని కానేమో.”

“వెర్లిన్ ఎవరు?”

“ఎలుకల గది చూసుకునే ఆయన.”

డాక్టర్ బెల్‌నాప్ ఏదో రాసుకున్నాడు. నవ్వలేదు. దారిలో మంచు జాగ్రత్త అన్నాడు.

సోమవారం ఎలుకల గదిలోకి అడుగు పెడుతూనే అరిచాను. “మీరేనా రాసింది?”

“ఏది?”

“నా ఉత్తరం!”

“నువ్వే రాశావుగా. ప్రొఫెసర్ కిందికి పంపి, ‘ఇది నిజమేనా, చూడు’ అన్నాడు. కాదు. దిద్దాను. ఆయన టైపు చేయించి సంతకం పెట్టినట్టున్నాడు.”

“నా సీటు పోతుంది!”

“పోవచ్చు.” ఆయన సీసా బోర్లించి గొట్టం చూశాడు. “నాకు హెర్నియా ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఉత్తరం ఎవరు రాశారో నాకు తెలీదమ్మాయ్. ఆయనే రాసుకోలేదనుకుంటే నాకు నిద్ర పడుతుంది.”

“మూడు వాక్యాల్లో నన్ను ముంచేశారు.”

“మూడేంటి? నేను రెండు పేజీలు రాశాను. అక్కడి డాక్టరు మొదటిది చదివి ఆపాడేమో.”

“రెండో పేజీలో ఏముంది?”

“చూడనని సంతకం పెట్టావంటగా.”

బతిమాలాను, అలిగాను, రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన రేడియో విన్నాడు. మార్చిలో కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. అవుననీ కాదు, కాదనీ కాదు. వెయిటింగ్ లిస్టు. మేలో డిగ్రీ చేతికొచ్చింది, ఇంకెక్కడికీ పోలేక ఎలుకల గదిలోనే ఉండిపోయాను. కాన్సర్‌కు మందు ఎంతవరకు వచ్చిందని చర్చిలో అడుగుతుంటే, పనిలో ఉన్నామనేదాన్ని.

ఆగస్టు మొదటివారంలో ఫోన్ మోగింది. ఎవరో ఒకతను చివరి నిమిషంలో వేరే ఊరు ఎంచుకున్నాడట, ఒక సీటు ఖాళీ అయిందట, సోమవారం తరగతులట, వస్తారా అని అడిగింది ఒకావిడ. వస్తానన్నాను. రిసీవర్ పెట్టేసి ఏడ్చాను. నిజాయితీ వల్ల సీటు వచ్చిందని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది. ఆ పేరు తెలియని అబ్బాయికి ఊరు నచ్చడం వల్ల వచ్చిందని చెప్పడమే సబబు. వరసలో నన్ను అంత ముందు ఎవరు నిలబెట్టారో ఎవరూ చెప్పలేదు.

“ఇప్పుడైనా చెప్పండి. రెండో పేజీలో ఏముంది?”

“ముందు డాక్టరువి కా. పదేళ్ళు చెయ్యి. అప్పుడడుగు” అన్నాడు వెర్లిన్.

నేను మాట నిలబెట్టుకున్నాను. చదువయ్యాక ఆయన ఊరికి పద్దెనిమిది మైళ్ళలో చిన్న ఆస్పత్రిలో చేరాను. వెర్లిన్, ఆయన భార్య నెల్వా వైద్యానికి నా దగ్గరికే వచ్చేవాళ్ళు. డాక్టరునై పదేళ్ళు నిండిన నెలలో, ఫిబ్రవరిలో, ఆయన ఒక్కడే వచ్చాడు. లెక్క నాకు బాగా గుర్తుంది. ఆయన కూర్చోకముందే అడిగాను.

“పదేళ్ళయింది. ఉత్తరంలో రెండో పేజీ.”

“ఏ ఉత్తరం?”

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. గుర్తుచేశాను. ప్రొఫెసర్, పెన్సిలు, సంతకం, అన్నీ. ఆయన మర్యాదగా విన్నాడు, గట్టిగా ఆలోచించాడు, తల అడ్డంగా ఊపాడు. “అబ్బే, గుర్తు లేదమ్మాయ్. అక్కడ పంతొమ్మిదేళ్ళలో ఎందరొచ్చారో.”

నా బతుకంతా ఏ పేజీ మీద తిరిగిందని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నానో, అది ఆయనకు ఒక మధ్యాహ్నపు పని. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగింది. ఆయన వంగి కుడి మేజోడు కిందికి లాగుతున్నాడు. దాని అంచు కాలి మీద లోతుగా గాడి చేసింది.

“ఇదేమిటో చూడు. బూట్లు పట్టట్లేదు.”

బొటనవేలితో చీలమండ పైన నొక్కి, వదిలాను. గుంట పడింది. అలాగే ఉండిపోయింది. ఎడమకాలూ అంతే.

“ఎన్నాళ్ళుగా?”

“మొక్కజొన్న కోతలప్పటి నుంచి.” అంటే నాలుగు నెలలు.

“నెల్వాకి చెప్పారా?”

“దానికెందుకు? ముందు నీకు చెప్దామని వచ్చా.”

గుండె అలిసిపోతే కాళ్ళకు ఇలాగే నీరు పడుతుంది. గుండె వినడానికి చొక్కా విప్పమన్నాను.